బ్యాంకు స్టేట్‌మెంట్ మార్పిడి సాఫ్ట్‌వేర్: అనంతపురం ఆడిట్ ఆఫీసుల్లో ఎంపిక

బ్యాంకు ఇచ్చిన స్టేట్‌మెంటును చదివి, తేదీ, వివరం, జమ, ఖర్చు, నిల్వ అనే గళ్లుగా విడదీసి, ఎక్సెల్‌కో టాలీకో అందించే సాఫ్ట్‌వేర్‌ను స్టేట్‌మెంట్ మార్పిడి సాఫ్ట్‌వేర్ అంటారు. పీడీఎఫ్, పాస్‌బుక్కు స్కాన్, ఫోనులో తీసిన ఫొటో, బ్యాంకు సైటు నుంచి దించుకున్న ఎక్సెల్ ఫైలు, వీటిలో ఏదైనా దానికి ముడిసరుకే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో దీని అవసరం పడేది చార్టర్డ్ అకౌంటెంట్ల ఆఫీసులకు, పన్ను ప్రాక్టీషనర్లకు, సాయంత్రం పూట నాలుగైదు కొట్ల లెక్కలు చూసిపెట్టే అకౌంటెంట్లకు. జనం వీళ్లందరినీ ఆడిటర్లనే అంటారు. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయినా, హిందూపురం, ధర్మవరం, కదిరి పార్టీలకూ (అంటే క్లయింట్లకూ) అనంతపురం ఆడిటర్లకూ మధ్య లెక్కల సంబంధం జిల్లా సరిహద్దును చూసి తెగిపోయేది కాదు. అందుకే ఈ వ్యాసం రెండు జిల్లాలనూ కలిపి చూస్తుంది.

సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది వేగం, తర్వాత కచ్చితత్వం శాతం. వంద వరుసల్లో తొంభై తొమ్మిది సరిగ్గా చదివిందంటే వినడానికి బాగానే ఉంటుంది. తప్పిన ఆ ఒక్క వరుస ఎక్కడుందో చెప్పకపోతే మాత్రం వందా మళ్లీ చూసుకోవాల్సిందే, చేత్తో కొట్టినదానికీ దీనికీ తేడా మిగలదు. తాను చదవలేనిచోట చదవలేకపోయానని ఒప్పుకొనే సాఫ్ట్‌వేర్ ఆడిట్ ఆఫీసుకు పనికొస్తుంది. ఊహించి నింపి ఊరుకునేది ఎంత వేగంగా నడిచినా పనికిరాదు.

అవసరం ఎలా పెరిగింది

2016 నవంబరు 8 పెద్దనోట్ల రద్దుకు ముందు చిన్న వ్యాపారి లెక్కల్లో బ్యాంకు ఖాతా ఒక పక్క పేజీ. మార్చి 31 నాటి నిల్వ కుదిరితే చాలామందికి అదే పదివేలు. ఆ తర్వాతి రిటర్నులో నవంబరు 9 నుంచి డిసెంబరు 30 దాకా ఖాతాలో వేసిన నగదు ఎంతో విడిగా చూపమన్నారు. స్టేట్‌మెంటును వరుస వరుసగా చూడటం చాలా ఆఫీసులకు అప్పుడు అలవాటైంది. అదే ఏడాది మొదలైన యూపీఐ రెండో దెబ్బ. దేశమంతటా నెలకు యూపీఐ లావాదేవీలు 2023 ఆగస్టులో 1,000 కోట్లు దాటాయి, 2025 ఆగస్టుకు 2,000 కోట్లు దాటాయి. కిరాణా కొట్టు కరెంటు ఖాతా ఒకప్పుడు ఏడాదికి పదిహేను ఇరవై పేజీలు. ఇప్పుడు పది రూపాయల చాక్లెట్ కూడా ఒక వరుస.

చట్టమూ బ్యాంకు వైపే నెట్టింది. 1961 ఆదాయపన్ను చట్టం సెక్షన్ 44ఏబీ కింద వ్యాపారానికి పన్ను ఆడిట్ హద్దు కోటి రూపాయల టర్నోవరు. అయితే రాబడిలోనూ చెల్లింపులోనూ నగదు 5 శాతం మించకపోతే ఆ హద్దు 10 కోట్లు. సెక్షన్ 44ఏడీ అంచనా ఆదాయ పద్ధతికీ ఇలాగే 2 కోట్ల హద్దు, నగదు 5 శాతం లోపుంటే 3 కోట్లు. పార్టీకి ఆడిట్ అవసరమా కాదా అన్నది తేల్చడానికే ముందు బ్యాంకు రాకపోకలనూ నగదునూ విడదీయాలన్నమాట. 2021 నవంబరులో వార్షిక సమాచార నివేదిక వచ్చాక, ఖాతాలో పడిన నగదు, వడ్డీ అంకెలు ఆడిటరు కంటే ముందే ఆదాయపన్ను శాఖ దగ్గర ఉంటున్నాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపన్ను చట్టం అమలుతో సెక్షన్ల సంఖ్యలు మారాయి. 2025-26 లెక్కలకు మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది.

ఆడిట్ నివేదికకు మామూలు గడువు సెప్టెంబరు 30. ఏడాది పొడవునా తెమ్మన్నా తేని స్టేట్‌మెంట్లు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వాట్సాప్‌లో కుప్పగా వచ్చిపడతాయి. మార్పిడి సాఫ్ట్‌వేర్ కొనాలన్న ఆలోచన పుట్టేది కూడా ఆ రోజుల్లోనే. కొనడానికి అంతకన్నా చెడ్డ సమయం మరొకటి లేదు, పరీక్షించే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి.

పీడీఎఫ్ లోపల ఏముంటుంది

పీడీఎఫ్‌ను అడోబీ సంస్థ 1993లో తెచ్చింది. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఏ యంత్రంలో తెరిచినా, ఏ ప్రింటర్‌లో తీసినా పేజీ ఒకేలా కనబడాలన్నది దాని లక్ష్యం. అందుకే మామూలు పీడీఎఫ్ స్టేట్‌మెంటులో పట్టిక అనేది ఉండదు. ఫలానా అక్షరం కాగితం మీద ఫలానా చోట ఉంది అన్న సమాచారమే ఉంటుంది. కంటికి కనబడే గళ్లను ఆ స్థానాలను బట్టి సాఫ్ట్‌వేర్ ఊహించుకోవాలి. వివరం రెండు మూడు వరుసలకు పాకితే అది ఒకే లావాదేవీనా, మూడా అన్న సందేహం ఇక్కడే మొదలవుతుంది. పేజీ అడుగున 'కిందికి తీసుకెళ్లిన నిల్వ', మరుసటి పేజీ తలమీద 'పైనుంచి తెచ్చిన నిల్వ' ఉంటే, తెలివితక్కువ సాఫ్ట్‌వేర్ వాటినీ లావాదేవీల్లో కలిపేస్తుంది.

బ్యాంకు కంప్యూటరు నుంచి నేరుగా వచ్చిన పీడీఎఫ్‌లో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి, అంకెను తప్పుగా చదివే అవకాశం దాదాపు లేదు. స్కాన్ చేసినదైతే అది బొమ్మ. దాన్ని ఓసీఆర్ అనే అక్షర గుర్తింపు చదవాలి. ఉచితంగా దొరికే టెసరాక్ట్ ఈ పనికి పేరుపడ్డది. 1980ల్లో హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పుట్టి, 2005లో ఓపెన్ సోర్స్ అయి, ఆ తర్వాత గూగుల్ అండతో పెరిగింది. శుభ్రమైన అచ్చును బాగా చదువుతుంది. పల్లె బ్రాంచిలో రిబ్బను వెలిసిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కొట్టిన పాస్‌బుక్కు దగ్గర తడబడుతుంది. 1ని 7గా, 3ని 8గా చూస్తుంది, దశాంశ బిందువును మింగేస్తుంది. పాస్‌బుక్కును యంత్రంలో కాస్త వంకరగా పెడితే కొత్త వరుస పాత వరుస మీదే పడుతుంది. దాన్ని ఏ ఓసీఆరూ విప్పలేదు. బ్రాంచికి వెళ్లి స్టేట్‌మెంటు మళ్లీ తీయించుకోవడమే దారి.

భాషా నమూనాల మీద నడిచే కొత్త తరం సాఫ్ట్‌వేర్లు మసక బొమ్మలను పాతవాటికంటే బాగా చదువుతాయి. వాటితో వచ్చే చిక్కు వేరు. పాత ఓసీఆర్ తప్పు చదివితే చెత్త అక్షరాలు కనబడేవి, కన్ను పట్టేసేది. ఇవి తప్పు చేసినా నమ్మశక్యంగా చేస్తాయి. కనబడని అంకె ఉండాల్సినచోట ఉండదగ్గ అంకెనే పెడతాయి. ఒక్కోసారి లేని వరుసను కల్పిస్తాయి, ఒక్కోసారి ఉన్నదాన్ని వదిలేస్తాయి. కాబట్టి వీటికి కింద చెప్పే నిల్వ పరీక్ష మరీ అవసరం.

నిల్వ గొలుసు

స్టేట్‌మెంటులో ప్రతి వరుసకూ దాని సాక్షి పక్కనే ఉంటుంది: నిల్వ గడి. పై వరుస నిల్వకు జమ కలిపి, ఖర్చు తీసేస్తే ఈ వరుస నిల్వ రావాలి. ఉదాహరణకు నిల్వ 1,84,320 ఉన్న ఖాతాలో 12,500 చెక్కు పోతే తర్వాతి నిల్వ 1,71,820. ఓసీఆర్ ఆ చెక్కును 72,500గా చదివితే లెక్క ప్రకారం 1,11,820 రావాలి, కాగితం మీద 1,71,820 ఉంది. గొలుసు తెగింది. సాఫ్ట్‌వేర్ ఆ వరుసను ఎర్రగా చూపించి ఆగిపోవాలి. మొదటి నిల్వ, చివరి నిల్వ, మొత్తం జమ, మొత్తం ఖర్చు సరిపోయాయని మాత్రమే చెప్పేవి కొన్ని ఉన్నాయి. అది చాలదు. నాలుగు వందల వరుసల్లో రెండు తప్పులు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవచ్చు. ప్రతి వరుసకూ పరీక్ష జరగాలి.

అయితే ఈ పరీక్షను కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదని క్యాష్ క్రెడిట్ (సీసీ) ఖాతాలు నేర్పుతాయి. వ్యాపారి బ్యాంకుకు 6,40,215 బాకీ ఉన్నాడనుకుందాం. స్టేట్‌మెంటులో నిల్వ పక్కన 'డీఆర్', అంటే డెబిట్, అని ఉంటుంది. ఆ రోజు 50,000 కట్టాడు, నిల్వ 5,90,215 డీఆర్ అయింది. కొన్ని సాఫ్ట్‌వేర్లు జమ, ఖర్చు గళ్లు స్పష్టంగా లేనిచోట నిల్వ పెరిగితే జమ అనీ, తగ్గితే ఖర్చు అనీ తేల్చుకుంటాయి. డీఆర్ అన్న రెండక్షరాలను వదిలేస్తే ఇక్కడ నిల్వ 50,000 తగ్గినట్టే కనబడుతుంది. కట్టిన సొమ్ము తీసిన సొమ్మవుతుంది. ఏడాది పొడవునా ప్రతి వరుసా ఇలాగే తిరగబడుతుంది, గొలుసు మాత్రం ఎక్కడా తెగదు, అంతా పచ్చగానే ఉంటుంది. అమ్మకాల వసూళ్లన్నీ చెల్లింపులుగా టాలీలోకి ఎక్కుతాయి. కాబట్టి సీసీ ఖాతాను మొదటిసారి మార్చినప్పుడు, పార్టీ తానే కట్టానని చెప్పగల ఒక వసూలును తీసుకుని అది ఏ గడిలో పడిందో కంటితో చూడాలి. ఒక్క వరుస చాలు.

కొత్త లావాదేవీని పైన, పాతదాన్ని కింద చూపించే స్టేట్‌మెంట్లకూ ఇదే రకం ప్రమాదం ఉంది. వరుసల దిశను సాఫ్ట్‌వేర్ గుర్తించకపోతే గొలుసు మొత్తం తెగినట్టు చూపిస్తుంది. అది కొంత నయం, కనీసం కేకలేస్తుంది.

కరువు నేల ఖాతాలు

అనంతపురం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. ఏడాది సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. ఖరీఫ్‌లో పైరంటే ప్రధానంగా వేరుశనగ. ఈ వాన లెక్క బ్యాంకు స్టేట్‌మెంటులో కనబడుతుంది. ఎక్కడో మహానగరంలో కూర్చుని తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది అర్థం కాదు.

పంట రుణం రెన్యువల్ సంగతే చూడండి. పైరు పోయిన ఏడు రైతు అసలు కట్టలేడు. గడువు నాటికి ఎక్కడో ఒకచోట చేబదులు తెచ్చి బాకీ కట్టి, అదే రోజో మర్నాడో కొత్త రుణంగా తిరిగి తీసుకుని, చేబదులు తీర్చేస్తాడు. వడ్డీ మాత్రం చేతి నుంచి పోతుంది. బంగారం కుదువపెట్టి తీసుకున్న పంట రుణాలదీ ఇదే తంతు. స్టేట్‌మెంటులో కనబడేది లక్షల్లో ఒక జమ, లక్షల్లో ఒక ఖర్చు, మధ్యలో చిన్న వడ్డీ. వివరాన్ని బట్టి లెడ్జరును తానే ఎంచే సాఫ్ట్‌వేర్ దాన్ని అమ్మకమనీ, చేబదులు అప్పు అనీ, ఏదీ తోచకపోతే సస్పెన్సులోనూ వేస్తుంది. పల్లెలో ఎరువుల కొట్టు నడుపుతూ సొంత పొలం కూడా చేసుకునే మనిషికి ఇలాంటి జమలు రెండు మూడు టర్నోవరులో కలిస్తే, 44ఏడీ కింద లేని ఆదాయానికి పన్ను పడుతుంది.

ప్రభుత్వ జమలదీ ఇదే కథ. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. ఆ తర్వాత కూలి డబ్బు, పింఛను, పెట్టుబడి సాయం, పంటల బీమా పరిహారం అన్నీ ఒక్కొక్కటిగా నేరుగా ఖాతాల్లో పడే ఏర్పాటు వచ్చింది. పీఎం కిసాన్ ఏడాదికి 6,000, మూడు వాయిదాలు. రైతు-వ్యాపారి ఖాతాలో ఇవి అమ్మకాలతో కలిసే ఉంటాయి. వ్యవసాయ ఆదాయానికి సెక్షన్ 10(1) మినహాయింపు ఉంది కాబట్టి విడదీయక తప్పదు. ఆఫీసు తన సొంత నియమాలు రాసుకునే వీలు, అంటే వివరంలో ఫలానా మాట ఉంటే ఫలానా లెడ్జరు అని ఒకసారి చెబితే అన్ని పార్టీలకూ గుర్తుంచుకునే వీలు, ఇలాంటిచోట అక్కరకొస్తుంది. ఆ నియమాన్ని పార్టీ వారీగా మార్చుకునే వీలూ ఉండాలి. ఒకరి ఖాతాలో 'గోల్డ్ లోన్' పొలానిది, మరొకరిది కూతురి పెళ్లిది.

వేరుశనగ కమిషన్ ఏజెంట్ల ఖాతాల్లో నగదు తీతలు ఎక్కువ. రోజుకు 10,000 మించిన నగదు ఖర్చును తోసిపుచ్చే సెక్షన్ 40ఏ(3) నుంచి, పండించిన రైతుకే పంట కొన్న డబ్బు ఇవ్వడానికి 6డీడీ నియమం మినహాయింపునిస్తుంది. ఏడాదికి కోటి దాటిన నగదు తీత మీద పన్ను కోసే సెక్షన్ 194ఎన్ 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది, మార్కెట్ యార్డుల్లో పనిచేసే ఏజెంట్లకు, వ్యాపారులకు షరతుల మీద అదే నెలలో సడలింపు వచ్చింది. కోత పడినచోట ఆ వరుస బ్యాంకు ఛార్జీలాగే చిన్న అక్షరాల్లో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని ఛార్జీల్లో వేస్తే పార్టీ వెనక్కి రాబట్టుకోవలసిన పన్ను ఖర్చుగా పోతుంది.

ధర్మవరం చీరల వ్యాపారికీ, చీనీ కాయలు ఢిల్లీకి పంపే తోట వ్యాపారికీ, తాడిపత్రి బండల ఫ్యాక్టరీకీ ఇబ్బంది మరో రకం. డబ్బు బయటి ఊళ్ల నుంచి నెఫ్ట్‌లో, ఆర్టీజీఎస్‌లో వస్తుంది. పంపినవాడి పేరు సగంలో తెగి ఉంటుంది. కొనుగోలుదారు ఒకడు, డబ్బు వేసేది వాడి బావమరిది ఖాతా నుంచి. అలాంటప్పుడు పేరుకంటే రెఫరెన్సు సంఖ్య నమ్మదగింది. నెఫ్ట్ యూటీఆర్‌కు 16 అక్షరాలు, ఆర్టీజీఎస్‌కు 22, యూపీఐకి 12 అంకెలు. వివరం గడిలో ఇరుక్కున్న ఈ సంఖ్యను విడిగా తీసి వేరే గడిలో పెట్టగలిగిన సాఫ్ట్‌వేర్, పార్టీ ఫోనులోని మెసేజితో సరిచూసుకునే పనిని సగానికి సగం తగ్గిస్తుంది.

పేర్లు మారిన బ్యాంకులు

ఇక్కడి పాత ఖాతాలు చాలావాటికి ఇప్పటికే రెండు మూడు పేర్లు మారాయి. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ స్టేట్ బ్యాంకులో కలిసింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. గ్రామీణ బ్యాంకుల వంశవృక్షం ఇంకా పెద్దది. అనంతపురం శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు, రాయలసీమ, పినాకిని బ్యాంకులతో కలిసి 2006 జూన్ 1న కడప కేంద్రంగా ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయింది. 2025 మే 1న అదీ రాష్ట్రంలోని మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి, అమరావతి కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది.

దీనితో మార్పిడికి సంబంధమేమిటంటే, చాలా సాఫ్ట్‌వేర్లు బ్యాంకును బట్టి అచ్చులు పెట్టుకుంటాయి. తలమీద ఫలానా పేరుంటే తేదీ ఇక్కడ, నిల్వ అక్కడ అని. పేరు, లోగో, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారితే ఆ అచ్చు కుదరదు. 2025-26 ఆర్థిక సంవత్సరంలో ఒకే గ్రామీణ బ్యాంకు ఖాతా ఏప్రిల్‌లో ఒక బ్యాంకుది, మే నుంచి మరో బ్యాంకుది. ఇరవై బ్యాంకుల జాబితా చూపించి మురిసిపోయే అమ్మకందారును అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ జాబితాలో మా గ్రామీణ బ్యాంకు ఉందా, జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఉందా? లేకపోతే గళ్లను మనమే గీతలు గీసి చూపించుకునే సదుపాయమైనా ఉండాలి. పత్రికా రచయితలకు దత్తాంశాలు తీసిపెట్టడానికి పుట్టిన టాబ్యులా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనిని ఏళ్లుగా చేస్తోంది. స్కాన్ చేసిన కాగితాల మీద మాత్రం అది పనిచేయదు.

టాలీ గడప దగ్గర

టాలీ 1986లో శ్యామ్‌సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా మొదలుపెట్టిన సంస్థది, ఇప్పటి కేంద్రం పక్కనే ఉన్న బెంగళూరు. ఇక్కడి ఆఫీసుల్లో అకౌంట్స్ అంటే టాలీ అన్నంతగా అలవాటైంది. కాబట్టి మార్పిడి ఎంత బాగా జరిగినా చివరి మెట్టు టాలీ గడప దాటడమే.

గడపలో ముందు ఎదురయ్యేది దిశ. బ్యాంకు పుస్తకంలో జమ, మన పుస్తకంలో బ్యాంకుకు డెబిట్. జమ వరుస రిసీట్ వోచరు కావాలి, ఖర్చు వరుస పేమెంటు కావాలి, నగదు వేసినా తీసినా కాంట్రా కావాలి. స్టేట్ బ్యాంకు వివరంలో 'టు ట్రాన్స్‌ఫర్' అంటే పోయింది, 'బై ట్రాన్స్‌ఫర్' అంటే వచ్చింది. ఆర్టికల్స్‌గా చేరిన సీఏ శిక్షణ పిల్లలు మొదటి వారంలో తిరగేసేది ఇదే. రెండోది లెడ్జరు పేరు. టాలీలో ఉన్న పేరుతో అక్షరం తేడా లేకుండా కుదరాలి. 'శ్రీ లక్ష్మీ ట్రేడర్స్', 'శ్రీలక్ష్మి ట్రేడర్స్' టాలీకి ఇద్దరు మనుషులు. లేని పేరు కనబడితే కొత్త లెడ్జరు తానే తెరిచే సాఫ్ట్‌వేర్ మొదటి రోజు ముద్దొస్తుంది. మార్చి వచ్చేసరికి ఒకే పార్టీకి ఐదు లెడ్జర్లు తేలతాయి.

మూడోది ఒకే స్టేట్‌మెంటు రెండుసార్లు ఎక్కడం. జూన్ వరకు ఒకసారి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఇంకోసారి తెచ్చిన పార్టీ వల్ల మూడు నెలలు రెట్టింపవుతాయి. దాన్ని పట్టడానికి తేదీ, మొత్తం మాత్రమే చూస్తే చాలదు. ఒకే రోజు ఒకే బంకులో రెండు లారీలకు 5,000 చొప్పున డీజిలు పోయించినవాడి రెండో వోచరు నకలని ఎగిరిపోతుంది. రెఫరెన్సు సంఖ్యనూ నిల్వనూ కూడా కలిపి చూడాలి.

ఎక్సెల్ మధ్యవర్తిగా ఉంటే దాని సొంత చేష్టలు తోడవుతాయి. కంప్యూటరు అమెరికా తేదీ పద్ధతిలో ఉంటే 04/05/2025 మే 4 కాక ఏప్రిల్ 5 అవుతుంది. 13వ తేదీ నుంచి అలా తిరగబడటం కుదరదు కాబట్టి అవి తేదీలుగా కాక మాటలుగా ఉండిపోతాయి. గడిలో కొన్ని తేదీలు కుడివైపుకు, కొన్ని ఎడమవైపుకు ఒరిగి కనబడితే ఇదే సంగతి. ఎక్సెల్ 15 అంకెల వరకే సంఖ్యను గుర్తుంచుకుంటుంది, 16 అంకెల ఖాతా సంఖ్య చివర సున్నా అయిపోతుంది. ముందున్న సున్నాలు రాలిపోతాయి. స్టేట్ బ్యాంకు సైటు ఎక్సెల్ పేరుతో ఇచ్చిన ఫైలు చాలాకాలం లోపల మామూలు టెక్స్ట్ ఫైలే, తెరిచినప్పుడల్లా హెచ్చరిక వచ్చేది అందుకే. మధ్యలో ఎక్సెల్ లేకుండా నేరుగా టాలీకి ఎక్స్‌ఎంఎల్ రాసే సాఫ్ట్‌వేర్‌కు ఈ బెడదలు లేవు.

టాలీప్రైమ్ కూడా ఊరుకోలేదు. బ్యాంకు స్టేట్‌మెంటును దిగుమతి చేసి సరిచూసే వీలు ఇస్తోంది, 4.0 నుంచి ఎక్సెల్‌లోంచి వోచర్లు తీసుకుంటోంది. బ్యాంకు సైటు నుంచి నేరుగా ఫైలు దించుకోగల పార్టీలే ఎక్కువున్న ఆఫీసు ముందు అదెంతవరకు సరిపోతుందో చూసుకోవడం మంచిది. వేరే సాఫ్ట్‌వేర్ అవసరం పీడీఎఫ్, స్కాన్ ఎక్కువున్నచోటే. సువిట్ వంటి సేవలు సీఏ ఆఫీసుల కోసమే టాలీతో ముడిపెట్టి వచ్చాయి. బెంగళూరు పెర్ఫియోస్ పేరు కూడా స్టేట్‌మెంట్ల విశ్లేషణలో గట్టిగా వినబడుతుంది, కానీ అది ప్రధానంగా అప్పులిచ్చే సంస్థల అవసరం తీర్చేది. అప్పు తీర్చగలడా అని చూసే కన్ను వేరు, వోచరు రాసే చెయ్యి వేరు.

పార్టీ గుట్టు

ఉచితంగా మారుస్తామనే సైట్లకు స్టేట్‌మెంటు ఎక్కించడం ఆఫీసుల్లో సర్వసాధారణం, సర్వప్రమాదకరం కూడా. 1949 చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండో షెడ్యూలు మొదటి భాగం ప్రకారం, పార్టీ సమాచారాన్ని అతని ఒప్పుదల లేకుండా, చట్టం కోరకుండా, పరాయివాళ్లకు చెప్పడం వృత్తి దుష్ప్రవర్తన. స్టేట్‌మెంటంటే ఆస్పత్రి బిల్లు, చిట్టీ బాకీ, విడాకుల భరణం అన్నీ ఉన్న కాగితం. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ బాధ్యతను ఇంకా బిగిస్తుంది. కొనేముందు సర్వరు ఎక్కడుంది, ఫైలు ఎన్నాళ్లుంటుంది, మా కాగితాలతో మీ యంత్రానికి పాఠాలు నేర్పుతారా అన్న మూడింటికి రాతపూర్వక జవాబు తీసుకోవాలి. 'అంతా సెక్యూర్ సార్' అన్న ఫోను మాట జవాబు కింద రాదు.

పార్టీ కంపెనీ అయితే కట్టుబాట్లు ఇంకొన్ని. రైతు ఉత్పత్తిదారుల సంస్థ కంపెనీగా నమోదైతే టర్నోవరు ఎంతైనా ఆడిట్ తప్పదు. కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకూ ఆనవాలు మిగలాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఎలక్ట్రానిక్ పుస్తకాల ప్రతి రోజూ భారతదేశంలోని సర్వరులో దాచాలన్న నియమం 2022లో వచ్చింది. తప్పు మార్పిడిని టాలీలోకి ఎక్కించి, ఆ తర్వాత మూడొందల వోచర్లు చెరిపితే ఆ ఆనవాళ్లన్నీ అలాగే ఉంటాయి. కంపెనీ పార్టీల విషయంలో ఎక్కించకముందే సరిచూసే తెర ఉన్న సాఫ్ట్‌వేర్ అందుకే కావాలి.

అసలు పీడీఎఫ్‌ను పారేయకూడదని వేరే చెప్పాలా? మార్చిన ఎక్సెల్ ఎంత అందంగా ఉన్నా సాక్ష్యం కాదు. వివాదం వస్తే చెల్లేది 1891 బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం ప్రకారం బ్యాంకు ధ్రువీకరించి ఇచ్చిన ప్రతి.

పరీక్ష, ధర

డెమోలో అమ్మకందారు తన ఫైలే తెస్తాడు, అది ఎప్పుడూ బాగానే మారుతుంది. ఆఫీసు తన బీరువాలోంచి అన్నిటికన్నా పాడు కాగితాలు తీయాలి: నిరుడు అందర్నీ ఏడిపించిన గ్రామీణ బ్యాంకు పాస్‌బుక్కు, డీఆర్ నిల్వల సీసీ ఖాతా, వందల పేజీల యూపీఐ కరెంటు ఖాతా, పుట్టిన తేదీతో తాళం వేసిన పీడీఎఫ్, విలీనం నడిమధ్యన ఉన్న ఏడాది. పేర్లు, ఖాతా సంఖ్యలు కప్పేసి పెట్టాలి. వీటి జవాబులు ఆఫీసుకు ముందే తెలుసు, నిరుటి టాలీలో ఉన్నాయి. చూడాల్సింది ఎన్ని తప్పులొచ్చాయన్నదానికంటే, వచ్చిన తప్పుల్లో ఎన్నిటిని సాఫ్ట్‌వేర్ తానే పట్టి చూపించిందన్నది. ఒక అంకెను కావాలనే చెరిపిన కాగితం కూడా ఒకటి పెట్టడం మంచిది. ఖాళీ వదిలిందా, కల్పించి నింపిందా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ధర పేజీకి ఇంత అనో, ఏడాదికి ఇంత అనో, కంపెనీకి ఇంత అనో ఉంటుంది. పైన 18 శాతం జీఎస్టీ. పేజీ లెక్కన కొనేవాళ్లు రెండు సంగతులు అడగాలి. విఫలమైన పేజీకీ డబ్బు పడుతుందా, మిగిలిన పేజీలు వచ్చే ఏడాదికి నడుస్తాయా? పని సెప్టెంబరులో పోటెత్తి నవంబరులో పడుకునే ఆఫీసుకు నెలసరి చందా దండగే కావచ్చు. ఇరవై ముప్పై పార్టీలు, అందులోనూ నెట్ బ్యాంకింగ్ ఉన్నవాళ్లే ఎక్కువైతే, ఎక్సెల్‌లోనే ఉన్న పవర్ క్వెరీ నేర్చుకున్న ఒక కుర్రాడు ఏ చందాకన్నా చవక.

ఇక స్టేట్‌మెంటు కాగితమే అక్కర్లేని దారి ఒకటి ఉంది. రిజర్వు బ్యాంకు 2016లో నియమాలు రాసిన అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థ 2021 సెప్టెంబరులో మొదలైంది. ఖాతాదారు ఫోనులో ఒప్పుకుంటే వరుసలు యంత్రం చదివే రూపంలోనే వస్తాయి, ఓసీఆర్ ప్రసక్తే ఉండదు. కానీ ఆ సమాచారం అందుకునే అర్హత రిజర్వు బ్యాంకు, సెబీ వంటి నియంత్రణ సంస్థల కింద ఉన్నవాళ్లకే. మామూలు ఆడిట్ ఆఫీసు నేరుగా ఆ గుంపులో లేదు. అగ్రిగేటర్ పేరు చెప్పి అమ్మజూపేవాళ్లను, మీరు ఏ లైసెన్సుతో ఎవరి ద్వారా తెస్తున్నారు, ఖాతాదారు ఇచ్చిన ఒప్పుదలలో మా పని పేరు ఉందా అని అడగాలి. కాగితం తప్పని చోట్లూ ఉన్నాయి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు కేంద్రం 2022లో ఆమోదం తెలిపింది, ఆ పని ఒక్కో రాష్ట్రంలో ఒక్కో వేగంతో నడుస్తోంది. సంఘం అప్పులున్న పార్టీ వస్తే, ఆ కాగితాన్ని కొనబోయే సాఫ్ట్‌వేర్ జాబితాలో వెతకడం వృథా. చేత్తో కొట్టే గంటలు కొన్ని ఫీజులో కలుపుకోవాల్సిందే.